బ్లేడు మీద సూక్ష్మ గుంటలు: ఘర్షణ ఎక్కడ తగ్గుతుంది, ఎక్కడ తగ్గదు

ఇంజను సిలిండర్లలోనూ పంపు సీళ్ళలోనూ లేజరుతో చెక్కిన సూక్ష్మ గుంటలు ఘర్షణను తగ్గిస్తున్నప్పుడు, గడ్డం గీసే బ్లేడు మీద అవే గుంటలు చెక్కితే చర్మం మీద లాగుడు తగ్గదా, చెక్కితే ఎంత వెడల్పు, ఎంత లోతు ఉండాలి, వాదర (బ్లేడు పదునైన అంచు) దాకా చెక్కవచ్చా అని మీరు అడిగారు. ముందు సూటిగా సమాధానం చెబుతాను. వాదర మీద గానీ, దాన్ని ఆనుకొని ఉన్న సానపట్టిన వాలు మీద గానీ మైక్రోమీటర్ల కొలతలో గుంటలు చెక్కవద్దు. అక్కడ వాటివల్ల కలిగే మేలు ఏమీ లేదు, కీడు మాత్రం చాలా ఉంది. చర్మానికి విశాలంగా ఆనే భాగాల మీద, అంటే కార్ట్రిడ్జ్‌లో బ్లేడ్ల వెనుక ఉండే పట్టీ మీద, ఎలక్ట్రిక్ షేవరు జల్లెడ రేకు మీద, ఉపరితలానికి తగిన గరుకుదనం ఇవ్వడం నిజంగా పనికొస్తుంది. అయితే అది సీళ్ళలో పనిచేసిన కారణంతో కాదు, పూర్తిగా వేరే కారణంతో. ఈ తేడా తెలిస్తే కొలతలు వాటంతటవే తేలుతాయి కనుక ఎక్కువ భాగం దానికే కేటాయిస్తున్నాను.

గుంటల ఆలోచన ఎక్కడి నుంచి వచ్చిందో మొదట చూద్దాం. పంపులోంచి ద్రవం కారిపోకుండా ఆపే తిరిగే సీలులో రెండు చదునైన ముఖాల మధ్య ఉండే చిన్న చిన్న ఉబ్బెత్తులూ గుంటలూ ద్రవంలో పీడనాన్ని పుట్టించి ముఖాలను ఎడంగా నిలబెట్టగలవని హామిల్టన్, వాలొవిట్, అలెన్ 1966లో సిద్ధాంతంగా చూపించారు. 1990లలో ఇజ్రాయెల్‌లోని టెక్నియన్‌లో ఇజాక్ ఎట్సియన్ బృందం లేజరుతో క్రమబద్ధంగా గుంటలు చెక్కి దాన్ని ఆచరణలోకి తెచ్చింది. అక్కడ ఒక్కో గుంట సాధారణంగా వంద మైక్రోమీటర్లకు అటూఇటూగా వెడల్పు, కొన్ని మైక్రోమీటర్ల లోతు ఉంటుంది. ఆ గుంట మూడు పనులు చేస్తుంది. జారే ముఖం తనతో ఈడ్చుకొచ్చిన నూనె గుంట చివరి గట్టు దగ్గర ఇరుకున పడి పీడనం పెంచుకొని ముఖాన్ని పైకి లేపుతుంది. నూనె కొరవడిన క్షణంలో గుంటలో నిల్వ ఉన్నది బయటికి వచ్చి ఆదుకుంటుంది. అరిగి రాలిన రజను గుంటలో పడి మళ్ళీ గీతలు పెట్టకుండా ఆగిపోతుంది.

ఈ మూడింటికీ వెనుక చెప్పకుండా ఊరుకున్న షరతులు కొన్ని ఉన్నాయి. ముఖాలు రెండూ గట్టివి, రెండూ చదునైనవి, ఆనే వైశాల్యంలో గుంటలు పదులూ వందలూ పట్టేటంత చోటు ఉంది, మధ్యలో తగినంత చిక్కని నూనె ఉంది, వేగం ఉంది. గడ్డం గీసేటప్పుడు ఈ షరతుల్లో ఒక్కటైనా నెరవేరుతుందా?

బ్లేడును దగ్గరగా చూడండి. సుమారు 13 శాతం క్రోమియం, 0.6 నుంచి 0.7 శాతం కార్బన్ ఉన్న స్టెయిన్‌లెస్ స్టీలు రేకు అది. సాధారణ రెండంచుల బ్లేడు మందం 0.1 మిల్లీమీటరు, అంటే గడ్డం వెంట్రుక మందానికి దాదాపు సమానం. ఆ రేకును రెండు వైపులా సానపట్టగా ఏర్పడే వాలు, చివరికి వచ్చేసరికి కొన్ని పదుల నానోమీటర్ల వ్యాసార్ధం ఉన్న మొనగా సన్నబడుతుంది. ఇటువంటి బ్లేడు చర్మానికి ఏటవాలుగా ఆని సాగుతుంది కనుక చర్మాన్ని తాకేది మొన, దాని కింది వైపు వాలులో ఒక సన్నని పట్టీ మాత్రమే. ఆ పట్టీలో వంద మైక్రోమీటర్ల గుంట పెట్టబోతే గుంటే పట్టీ అంత అవుతుంది. చిన్న గుంట పెడదామంటే అందులో నిలిచే ద్రవం లెక్కలోకి వచ్చేంత ఉండదు. సీలు ముఖం మైదానం అయితే బ్లేడు వాదర గోడ మీది పిట్టగోడ అంచు. మైదానంలో తవ్వే చెరువును పిట్టగోడ అంచు మీద తవ్వలేం.

ఇప్పుడు ద్రవం పొర ఎంత మందం ఏర్పడుతుందో చిన్న లెక్క వేద్దాం. ఘర్షణ, కందెన పొరల సంబంధాన్ని జర్మన్ ఇంజనీరు స్ట్రిబెక్ 1902లో బేరింగుల మీద కొలిచి చూపిన దగ్గర నుంచి మనం చూసేది మూడు రాశుల కలయికనే: ద్రవం చిక్కదనం, వేగం, భారం. గడ్డం గీసే చెయ్యి సెకనుకు పది సెంటీమీటర్ల వేగంతో కదులుతోందనీ, మొత్తం రెండు న్యూటన్ల బలంతో నొక్కుతోందనీ, ఆ భారాన్ని 35 మిల్లీమీటర్ల పొడవున్న అయిదు బ్లేడ్లు సమానంగా పంచుకుంటున్నాయనీ అనుకుందాం. మీటరు పొడవుకు సుమారు 11 న్యూటన్లు వస్తుంది. ద్రవం నీటిలాంటిదైతే, చిక్కదనాన్ని వేగంతో గుణించి ఈ భారంతో భాగిస్తే లక్షలో ఒక వంతు దగ్గర తేలుతుంది. చర్మం మెత్తగా లొంగుతుందన్న సంగతిని కూడా కలుపుకొని చూసినా, పొర మందం మైక్రోమీటరులో కొంత భాగమే అవుతుంది. సబ్బు నీరు పది రెట్లు చిక్కగా ఉందనుకున్నా ఒకటి రెండు మైక్రోమీటర్లు దాటదు. చర్మం మీద సహజంగా ఉండే సన్నని చాళ్ళ లోతు పదుల మైక్రోమీటర్లు. అంటే ద్రవం చర్మాన్నీ బ్లేడునూ పూర్తిగా విడదీసే స్థితి రానే రాదు. ఘర్షణలో ఎక్కువ భాగం ఘనపదార్థం ఘనపదార్థాన్ని తాకే చోటే పుడుతుంది. ద్రవ పీడనంతో తేల్చడానికి పుట్టిన గుంటలకు ఇక్కడ చేయడానికి పని లేదు. పైగా చర్మం మీద ఉన్న ఆ చాళ్ళే నురుగును నిల్వ చేసే గుంటలు. ప్రకృతి ఆ పని బ్లేడు వైపు కాకుండా చర్మం వైపు ముందే చేసి పెట్టింది.

అయితే ఉపరితల చెక్కడం వల్ల ప్రయోజనం లేదని దీని అర్థం కాదు. అసలు మేలు ఎక్కడ ఉందో తెలియాలంటే ఒక చిన్న పరీక్ష చేయండి. చేతివేలిని నీళ్ళలో కాసేపు నానబెట్టి, తుడిచీ తుడవనట్టుగా తుడిచి, నున్నటి గాజు పలక మీద లాగండి. వేలు పట్టుకొని, ఆగి, కిచుకిచుమంటూ కుదుపులతో కదులుతుంది. అదే వేలిని గరుకు చేసిన గాజు మీద, లోపలికి కనబడకుండా స్నానపు గది కిటికీలకు వాడే రకం మీద లాగండి. తేలికగా జారిపోతుంది. రెండూ గాజే, తడి కూడా ఒకటే. మారిందల్లా తాకే వైశాల్యం.

చర్మం మీద ఘర్షణలో పెద్ద వాటా అతుకుదలది. పొడి చర్మం పై పొర కాస్త గట్టిగా ఉండి, ఎత్తుగా ఉన్న చోట్ల మాత్రమే తాకుతుంది. తడిసిన పై పొర మెత్తబడి ఎదుటి ఉపరితలానికి అచ్చు పోసినట్టు అతుక్కుంటుంది. నిజంగా తాకే వైశాల్యం పెరుగుతుంది, దానితో ఘర్షణ కొన్ని రెట్లు పెరుగుతుంది. ఎదుటి ఉపరితలం గరుకుగా ఉంటే చర్మం దాని శిఖరాలను మాత్రమే తాకుతుంది, లోయల్లో నీరు నిలుస్తుంది, అతుకుదల తగ్గుతుంది. అందువల్ల మెత్తని తడి చర్మం విషయంలో ‘నునుపు పెరిగితే ఘర్షణ తగ్గుతుంది’ అన్న మామూలు నమ్మకం తలకిందులవుతుంది. ఉపరితల చెక్కడం పనిచేసే అసలు మార్గం ఇదే. ఇందులో ద్రవ పీడనం లేదు, తేలడం లేదు, తాకే వైశాల్యాన్ని తగ్గించడం ఒక్కటే ఉంది.

దీనికీ ఒక హద్దు ఉంది. చర్మం మెత్తనిది కనుక శిఖరాల మధ్య దూరం పెరిగేకొద్దీ లోయల్లోకి కుంగుతుంది. కుంగిన చర్మాన్ని ప్రతి శిఖరమూ కదిలిస్తూ, వంచుతూ, దున్నుతూ పోవాలి. శిఖరం అంచు పదునుగా ఉంటే అది గీరుతుంది కూడా. కాబట్టి గరుకుదనం పెంచుతూ పోతే ఘర్షణ మొదట తగ్గి, ఒక దశ దాటాక మళ్ళీ పెరుగుతుంది. నేను ఎప్పుడూ చెప్పే నియమం ఒక్కటే: శిఖరాలు గుండ్రంగా ఉండాలి, లోయలు వాటి అడుగును చర్మం తాకనంత లోతుగా ఉంటే చాలు, శిఖరాల మధ్య దూరం పదుల మైక్రోమీటర్లలోనే ఉండాలి. గుంటలు తవ్వడం కంటే గుండ్రని బుడిపెలు నిలపడం మేలని దీన్నిబట్టి మీరే గ్రహించవచ్చు, ఎందుకంటే గుంటల మధ్య మిగిలే నేల చదునుగానే ఉండి చర్మాన్ని అంటుకుంటుంది, గుంట గట్టు మాత్రం కోసుగా మిగులుతుంది.

ఇక వెంట్రుక సంగతి. బ్లేడు ‘లాగుతోంది’ అని మనం అనుకునే బాధలో చాలా భాగం చర్మం మీద జారేటప్పటి ఘర్షణది కాదు, వెంట్రుకను తెంచలేక కుదురు నుంచి లాగుతున్నప్పటిది. బ్లేడు వెంట్రుకలోకి ఒక చీలలా దిగుతుంది. మొన తెంచడానికి తీసుకునే బలాన్ని పక్కన పెట్టి, చీల ముఖాలు వెంట్రుకను చీల్చుకుంటూ జారడానికి కావలసిన బలాన్ని మాత్రమే చూస్తే, అది చీల కోణంలో సగం కోణం సైన్‌కూ, ఘర్షణ గుణకాన్ని (నొక్కే బలంలో ఘర్షణ ఎన్నో వంతో చెప్పే సంఖ్యను) ఆ కోణం కొసైన్‌తో గుణించగా వచ్చిన దానికీ కలిపిన మొత్తాన్ని అనుసరించి ఉంటుంది. సగం కోణం 9 డిగ్రీలు అనుకోండి. ఘర్షణ గుణకం 0.3 ఉన్నప్పుడు ఆ మొత్తం 0.45, గుణకం 0.1 ఉన్నప్పుడు 0.255. అంటే గుణకాన్ని మూడో వంతుకు దించితే ఈ బలం దాదాపు సగానికి పడిపోతుంది. 1960ల మొదట్లో బ్లేడ్ల మీద సిలికోన్, ఆ వెంటనే టెఫ్లాన్ జాతి పూతలు వచ్చినప్పుడు గడ్డం గీసుకొనే అనుభవమే మారిపోవడానికి కారణం ఈ లెక్కలోనే ఉంది.

ఇదే లెక్కను మీ గుంటలకు వర్తింపజేయండి. పూత ఉన్న బ్లేడు గుణకం 0.1 అనుకుని, చెక్కడం వల్ల అది 0.09కి దిగిందని ఉదారంగా ఒప్పుకుందాం. మొత్తం 0.255 నుంచి 0.245కి వస్తుంది, అంటే నూటికి నాలుగు పాళ్ళు. పూత సరిగా అంటుకోకపోయినా, మొన వ్యాసార్ధం కొన్ని నానోమీటర్లు పెరిగినా అంతకంటే ఎక్కువ నష్టం వస్తుంది. ఎవరైనా బ్లేడు ఘర్షణ తగ్గించే పని మొదలుపెడితే నేను ముందు అడిగేది పూత గురించి, తర్వాత కోణం గురించి, ఆ తర్వాతే ఉపరితలం చెక్కడం గురించి.

వాదర దాకా చెక్కితే వచ్చే కీడు ఏమిటో కూడా వివరంగా చెప్పాలి, ఎందుకంటే నమూనాలు చేయించుకున్న చాలామంది అక్కడే దెబ్బతింటారు. బ్లేడు స్టీలు వెంట్రుక కంటే సుమారు యాభై రెట్లు గట్టిది. అయినా బ్లేడు మొద్దుబారుతుంది. ఎందుకో 2020లో ఎం.ఐ.టి.లో రోసియోలి, తాహెరి-మౌసావి, తాసన్ ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో ఒక్కొక్క వెంట్రుకను కోస్తూ చూశారు. వాదర నెమ్మదిగా అరిగి గుండ్రబడటం కంటే, చిన్న చిన్న పెచ్చులుగా ఊడటమే ముఖ్యమని తేలింది. వెంట్రుక వంగి బ్లేడుకు ఏటవాలుగా తగిలినప్పుడు, వెంట్రుక పక్క భాగం వాదరను తాకే చోట, ఆ చోట స్టీలు అంతర్నిర్మాణంలో అసమానత కూడా ఉంటే, ఒత్తిడి కేంద్రీకృతమై పెచ్చు లేస్తుంది. ఇప్పటికే ఉన్న చిన్న నొక్కు కొత్త పెచ్చుకు నాంది అవుతుంది. అలాంటి వాదర మీద వరుసగా గుంటలు చెక్కడం అంటే పెచ్చులు ఎక్కడెక్కడ ఊడాలో మనమే గుర్తులు పెట్టి ఇవ్వడం.

లేజరు వేడి మరో సంగతి. నానోసెకను స్పందనల లేజరు లోహాన్ని కరిగించి చిమ్ముతుంది. కరిగింది గుంట చుట్టూ గట్టుగా గడ్డకడుతుంది. ఆ గట్టు ఎత్తు ఒక మైక్రోమీటరే కావచ్చు, కానీ మొన వ్యాసార్ధంతో పోలిస్తే అది కొండ. గుంట చుట్టూ ఉన్న లోహం వేడెక్కి కాఠిన్యం కోల్పోతుంది. రంగు మారిన చోట పై పొరలో క్రోమియం రక్షణ బలహీనపడి తుప్పుకు దారి తీస్తుంది. ఉప్పు, సబ్బు నీరు నిలిచే గుంట అంటే ఆ తుప్పుకు ఇల్లు కట్టి ఇచ్చినట్టే. అంతకంటే ఎంతో తక్కువ వ్యవధి స్పందనలిచ్చే పికోసెకను, ఫెమ్టోసెకను లేజర్లతో ఈ వేడి సమస్య చాలా తగ్గుతుంది గానీ నొక్కు సమస్య అలాగే ఉంటుంది.

చాలా ఏళ్ళ కిందట నేను పనిచేసిన ప్రయోగశాలకు ఇలాంటి నమూనాలు వచ్చాయి. చెక్కించిన సంస్థ గుంటల వరుసను వాదరకు బాగా దగ్గరగా తీసుకెళ్ళింది. కంటికి ఎంతో అందంగా, ఇంద్రధనుస్సు రంగుల్లో మెరిసే బ్లేడ్లవి. సూక్ష్మదర్శిని కింద ఏటవాలు వెలుతురులో పెట్టి చూస్తే ప్రతి గుంట చుట్టూ పూరీ అంచులా ఉబ్బిన గట్టు కనిపించింది. తడిపిన ఉన్ని ఫెల్టును (ఉన్నిని ఒత్తి చేసిన మందపాటి గుడ్డను) కోయించినప్పుడు మొదటి కోతకే బలం ఎక్కువ వచ్చింది. కోత తర్వాత మళ్ళీ చూస్తే గట్టుల పక్కన ఉన్ని పోగులు చిక్కుకొని ఉన్నాయి, వాదరలో గుంటలకు ఎదురుగా పళ్ళు ఊడినట్టు నొక్కులు ఉన్నాయి. గట్టులను మెరుగుపెట్టి తీసేద్దామని ప్రయత్నిస్తే వాదర గుండ్రబడింది. ఆ రోజు నుంచి వాదర నుంచి కనీసం యాభై మైక్రోమీటర్ల వరకు ఏమీ చెక్కకూడదన్నది నేను పెట్టుకున్న కట్టుబాటు. ఆ గీతకు అవతల మాత్రమే ప్రయోగాలు చేయండి.

నిజానికి వాలు మీద ఇప్పటికే ఒక చెక్కడం ఉంది, దాన్ని చాలామంది గమనించరు. సానరాయి వదిలిన గీతలే అవి. చివరి సాన ఎంత సన్నగా ఉంటే ఆ గీతలు వాదరను చేరే చోట వచ్చే పళ్ళు అంత చిన్నవిగా ఉంటాయి. గుంటల కోసం పెట్టే శ్రమను ఈ చివరి సానను మెరుగుపరచడానికి పెడితే ఫలితం ఖాయంగా కనబడుతుంది.

మైక్రోమీటర్ల స్థాయిని వదిలి నానోమీటర్లలోకి దిగితే కథ కొంత మారుతుంది. అతి తక్కువ వ్యవధి లేజరు స్పందనలు లోహం మీద పడినప్పుడు, కాంతి తరంగదైర్ఘ్యానికి దగ్గరగా, సాధారణంగా దానికంటే కాస్త తక్కువ దూరంతో సన్నని అలల వరుసలు వాటంతటవే ఏర్పడతాయి. 1965లో బర్న్‌బామ్ అర్ధవాహకాల మీద మొదట గమనించిన ఈ అలలను ఇప్పుడు స్టీలు మీద కూడా తేలికగా రప్పించవచ్చు. వాటి లోతు వంద రెండు వందల నానోమీటర్లు. బ్లేడు మీది టెఫ్లాన్ జాతి పూత మందం కూడా పదుల నుంచి వందల నానోమీటర్లే, పైగా అది 327 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరిగే పదార్థం కాబట్టి దాన్ని అంతకంటే కాస్త పైన కాల్చి పరిచినప్పుడు పారి లోయల్ని నింపేస్తుంది. బయటికి కనబడే ఉపరితలం మళ్ళీ నునుపే. అప్పుడు అలల వల్ల లాభం ఏమిటి? పూతను పట్టి ఉంచడం. మొదటి కొన్ని వాడకాల్లో పూత మొన నుంచి వెనక్కి తోసుకుపోయి, పట్టు దొరకని చోట్ల పలచబడుతుంది. పూత శిఖరాల మీద అరిగిపోయినా లోయల్లో నిలిచి ఉంటే, జారుడు గుణం ఎక్కువ కాలం నిలబడే అవకాశం ఉంది. వాలు వెనుక భాగంలో ఉపరితల చెక్కడానికి నేను చూడగలిగిన ఉత్తమ వినియోగం ఇదే. ఇక్కడ మీరు కొలవవలసింది మొదటి కోత బలాన్ని కాదు, వందల కోతల తర్వాతి బలాన్ని. ఇంకో మాట: పూతకు ముందు వేసే క్రోమియం పొర లేదా వజ్రం లాంటి కార్బన్ పొర ఆ అలల మీద సమంగా పడుతోందో లేదో ముందు చూసుకోండి. అది పగిలితే పై పూత దానితో పాటే ఊడివస్తుంది.

ఇక విశాలమైన భాగాల దగ్గరికి వద్దాం. కార్ట్రిడ్జ్‌లో చర్మాన్ని ఎక్కువగా తాకేది బ్లేడు కాదు, ముందున్న గార్డు, వెనుకున్న క్యాప్. ఈ రెండింటి అవసరాలు పరస్పర విరుద్ధం. గార్డు మీది రబ్బరు రెక్కలు చర్మాన్ని పట్టుకొని ముందుకు సాగదీసి, వెంట్రుక లేచి నిలబడేలా చేయాలి. అక్కడ కొంత ఘర్షణ కావాలి, తగ్గించడం తప్పు. క్యాప్ మాత్రం కోత పూర్తయిన, మెత్తబడిన, కొత్తగా గీరుకున్న చర్మం మీద జారాలి. 1985లో జిలెట్ అట్రా ప్లస్‌తో వచ్చిన కందెన పట్టీ ఇందుకే పుట్టింది. పాలీఇథిలీన్ ఆక్సైడ్ అనే నీటిలో కరిగే పొడవాటి అణువుల పదార్థం తడి తగిలి జిగటగా ఊరి చర్మాన్ని తడుపుతుంది. ఆ పట్టీ ఉపరితలం నున్నగా ఉండి, పదార్థం కరిగిపోయాక మిగిలిన ప్లాస్టిక్ తడి చర్మానికి అతుక్కుంటుంది. పాత కార్ట్రిడ్జ్ ఎందుకు పట్టేస్తుందో దీనితో కొంత తెలుస్తుంది. ఆ భాగానికి అచ్చులోనే గుండ్రని బుడిపెలో, చెయ్యి కదిలే దిశకు సమాంతరంగా సాగే లోతు తక్కువ గాడులో ఇస్తే రెండు లాభాలు ఉంటాయి. తాకే వైశాల్యం తగ్గుతుంది, కరిగిన జిగురు గాడుల వెంట వెనుకకు పారి కొత్త చర్మానికి చేరుతుంది. గాడులు అడ్డంగా వేస్తే ద్రవం ఎక్కువసేపు నిలుస్తుంది గానీ చర్మం వాటిలోకి కుంగి ప్రతి గట్టు దగ్గరా తన్నుకుంటుంది, కోసిన వెంట్రుకల ముక్కలు కూడా వాటిలో ఇరుక్కుంటాయి. కడిగితే పోయేలా ఉండటం ముఖ్యం కనుక సమాంతర గాడులకే నా ఓటు. ఇవి ప్లాస్టిక్ అచ్చు భాగాలు కాబట్టి లేజరు పని ప్రతి ముక్క మీదా చేయనవసరం లేదు, అచ్చు గోడ మీద ఒకసారి చెక్కితే చాలు. ఖర్చు దృష్టితో చూసినా బ్లేడు మీద చెక్కడం కంటే ఇదే వివేకం.

ఎలక్ట్రిక్ షేవరు రేకు సంగతి క్లుప్తంగా చెబుతాను. అక్కడ నురుగు లేదు, చెమట తడి మాత్రమే ఉంటుంది, చర్మం రేకు మొత్తానికి అతుక్కునే ప్రమాదం ఎక్కువ. రంధ్రాల అంచులను చర్మం వైపు గుండ్రంగా చేసి, రంధ్రాల మధ్య నేల మీద సన్నని గరుకుదనం ఇస్తే తేడా వెంటనే చెయ్యికి తెలుస్తుంది. కోసే పని రేకు లోపలి వైపు జరుగుతుంది కాబట్టి బయటి ఉపరితలాన్ని స్వేచ్ఛగా తీర్చిదిద్దుకోవచ్చు. ఈ అంశం మీద పరిశోధన చేయదలచిన విద్యార్థులకు నేను ముందుగా సూచించేది ఈ రేకునే.

సొరచేప చర్మం, తామరాకు వంటి పోలికలు ఈ చర్చలో తరచూ వస్తాయి కాబట్టి వాటి గురించీ ఒక మాట. సొరచేప చర్మం మీది గాడులు అల్లకల్లోలంగా పారే నీటిలో ఈడ్పును తగ్గిస్తాయి. బ్లేడు కింద పారే పలుచని పొరలో అల్లకల్లోలమే లేదు. తామరాకు గరుకుదనం నీటిని అంటనివ్వదు, మనకు కావలసింది నీరు నిలవడం. చెట్టు కప్ప కాలి మెత్తల మీది గాడులు మరీ విచిత్రం, అవి తడిలో పట్టు పెంచడానికి ఉన్నవి. పోలిక బాగున్నంత మాత్రాన యంత్రాంగం ఒకటే కాదు. ఏ జీవి నుంచి ఆలోచన తెచ్చుకున్నా, అక్కడ పనిచేసే భౌతిక కారణం మన చర్మం మీద కూడా ఉందా అని అడిగాకే కొలతలు ఎత్తిరాసుకోవాలి.

మీరు నమూనాలు చేసి పరీక్షించబోతున్నారు కనుక కొలత విధానం గురించి చెప్పి ఆపుతాను. ఉక్కు బంతిని చెక్కిన పలక మీద తిప్పి ఘర్షణ తగ్గిందని రాసే నివేదికలను ఈ పనికి పరిగణనలోకి తీసుకోవద్దు. అది గట్టి వస్తువుల మధ్య, నూనెలో జరిగే పరీక్ష. మూడు కొలతలు విడివిడిగా కావాలి. మొదటిది కోత బలం: తడిపిన ఉన్ని ఫెల్టును స్థిర వేగంతో కోయిస్తూ బలం కొలవడం ఈ పరిశ్రమలో చాలాకాలంగా ఉన్న పద్ధతి, అందులో మొదటి కోతనూ, వందల కోతల తర్వాతి కోతనూ రెండింటినీ నమోదు చేయండి. రెండవది చర్మం మీద జారుడు: వెంట్రుకలు ముందే తీసేసిన ముంజేతి లోపలి వైపు గానీ, చర్మానికి నమూనాగా వాడే పాలీయురిథేన్ తోలు మీద గానీ, నొక్కే బలాన్నీ లాగే బలాన్నీ ఒకేసారి కొలిచే సెన్సరుతో చేయాలి. మూడవది ఈ రెండూ కలిసిన అసలు గడ్డం గీయడం. మూడవ దానిలో నుంచి రెండవ దాన్ని తీసేస్తే వెంట్రుక వాటా తెలుస్తుంది. ఈ మూడూ విడివిడిగా లేకపోతే మీ చెక్కడం ఏ వాటాను తగ్గించిందో, ఏ వాటాను పెంచిందో ఎన్నటికీ తేలదు.

తడిని గడియారం పెట్టి నియంత్రించండి. వెంట్రుక నీటిలో రెండు మూడు నిమిషాలు నానితే అడ్డంగా 15 శాతం దాకా ఉబ్బి మెత్తబడుతుంది, కోత బలం గణనీయంగా పడిపోతుంది. చర్మం ఘర్షణ కాస్త తడిగా ఉన్నప్పుడు శిఖరానికి చేరి, నీరు బాగా నిలిచాక తగ్గుతుంది. ఒక బ్లేడును నాని నిమిషమైన చర్మం మీద, మరో బ్లేడును నాలుగు నిమిషాలైన చర్మం మీద పరీక్షిస్తే, వచ్చిన తేడా బ్లేడుది కాదు, నీటిది. సగటు బలంతో పాటు బలం గ్రాఫులో లేచే ముళ్ళ ఎత్తును కూడా చూడండి. చర్మం ఆగి ఆగి జారడం, వెంట్రుక ఇరుక్కోవడం ఆ ముళ్ళలోనే కనబడతాయి, మంట పుట్టించేదీ అవే. పోల్చడానికి పెట్టే సాదా బ్లేడ్లు అదే చుట్ట రేకు నుంచి, అదే సాన నుంచి, అదే పూత విడత నుంచి వచ్చినవై ఉండాలి, లేజరు తగలడం తప్ప మిగిలిన కడగడం, కాల్చడం అన్నీ వాటికీ జరిగి ఉండాలి. ఒకే పెట్టెలోని బ్లేడ్ల మధ్య కూడా కోత బలంలో తేడాలుంటాయి కాబట్టి ముందుగా ఒక డజను సాదా బ్లేడ్లను కొలిచి, ఆ తేడా ఎంతో రాసిపెట్టుకోండి. చెక్కిన బ్లేడు చూపే లాభం అంతకంటే పెద్దదైతేనే క్యాప్ బుడిపెల తర్వాతి దశగా వాలు వెనుక భాగం మీద నానో అలల ప్రయోగానికి వెళ్ళండి.